అక్క అర్రలో బావ పంట

మా బావ చనిపోయాడని కాటారం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మహబూబాబాద్‌లో నా షాపులో కూర్చుని, కాలిపోయిన మోటారులోంచి పాత తీగ లాగుతున్నాను. ఫోన్ చేసినవాడు ఆయన చిన్నాయన కొడుకు. "అట్లనా" అన్నాను. నేను ఏడుస్తానేమోనని అతను కాసేపు ఆగాడు, పాపం. ఏదో ఒకటి అడగాలి కాబట్టి ఏం బీమారని అడిగాను. కడుపులో పుండట. భూపాలపల్లి దవాఖానలో పది రోజులు పడి ఉన్నాడట, ఆఖరికి మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదట. ఫోన్ పెట్టేసి మిగిలిన తీగంతా లాగేశాను. ఆ రోజు పని చాలా బాగా సాగింది. చెప్పడానికి నాకేం సిగ్గులేదు, మనసు హాయిగా ఉండింది.

పోయినవాళ్ళను ఏమీ అనకూడదని మా అమ్మ నేర్పింది. ఈ అల్లుడి సంగతి పూర్తిగా తెలియకముందే అమ్మ పోయింది, అదృష్టవంతురాలు. నాకు తెలుసు కాబట్టి అంటాను.

ఆయనది స్టేషన్ ఘన్‌పూర్‌లో విత్తనాలు, పురుగుమందుల దుకాణం. మనిషి పొట్టి. ఎంత దుమ్ములో ఉన్నా చొక్కా తెల్లగా ఉండేది. జేబులో నాలుగు మడతలు పెట్టిన రుమాలు ఒకటి. రైతు ఎవరైనా చేయి పట్టుకుని మాట్లాడితే, ఆ రైతు ఎదురుగానే రుమాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకునేవాడు. అలా తుడుచుకుంటూనే "చెప్పే, ఏమాయె?" అని ఎంతో ప్రేమగా అడిగేవాడు.

ఒకసారి తరిగొప్పుల నుంచి ఒక పెద్దమనిషి ఎండిపోయిన పత్తి మొక్కలు పీక్కొచ్చి కౌంటర్ మీద పెట్టాడు. "అన్నా, జర చూడే, సగం చేను గిట్లనే పోయింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బావ ఆయనకు టీ తెప్పించాడు. ఎన్ని ఎకరాలు, ఎప్పుడు పెట్టావు, ఏం మందు కొట్టావు, అన్నీ ఓపిగ్గా అడిగాడు. టీ అయిపోయాక దుకాణంలో ఉన్న మిగతా రైతులను దగ్గరికి పిలిచాడు.

"ఇగో, గీయన మొఖం మంచిగ చూసి పెట్టుకోండ్రి. మీ చేన్లకు రానియ్యకుండ్రి. చెట్లు భయపడి సస్తున్నయ్."

అందరూ నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను. నేనూ నవ్వాను. ఆ పెద్దమనిషి మొక్కలను మళ్ళీ సంచిలో సర్దుకుని వెళ్ళిపోయాడు. అవి చచ్చిన మొక్కలు, అయినా వదిలిపెట్టి పోలేదు.

విత్తనం మంచిదో కాదో చూడటానికి కొన్ని గింజలు తడిగుడ్డలో మూటకట్టి పెడతారు. నాలుగో రోజు విప్పి, మొలకెత్తనివి ఏరి పారేస్తారు. మా బావ మనుషులను కూడా అలాగే చూసేవాడు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: "పనికిరానిది తీసెయ్." దుకాణంలో పనివాణ్ణి తీసేసినా అదే మాట, ముసలి కుక్కను ఊరి బయట వదిలేసి వచ్చినా అదే మాట. పెళ్ళయిన నాలుగేళ్ళకు, మా అమ్మానాన్నలు వచ్చి భోజనానికి కూర్చున్న రోజున, అక్కను చూపించి ఇలా అన్నాడు:

"అందరు నాలుగు దినాలు పెడ్తరు తడిగుడ్డల. నేను నాలుగేండ్లు పెట్టిన మామా. గిది మొలవది."

మా నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. అక్క మాత్రం ఏమీ వినపడనట్టు బావ కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. ఆ మాట అంతకుముందు చాలాసార్లు విని ఉంటుంది.

ఇంకో గుణం కూడా చెప్పాలి. తన పేరు మీద ఏదీ ఉంచుకునేవాడు కాదు. దుకాణం లైసెన్సు చిన్నాయన పేరు మీద, బండి ఎవరో దోస్తు పేరు మీద. ఏ కాయితం మీదా ఆయన సంతకం చూసినవాళ్ళు లేరు. వాళ్ళుండే ఇల్లు సర్కారు ఇచ్చింది. ఆ ఇళ్ళు ఆడవాళ్ళ పేరు మీదే ఇస్తారు కాబట్టి పట్టా అక్కది, కరెంటు మీటరూ అక్కదే. ఆ కాయితాలు అక్క తన పెట్టెలో పెళ్ళిచీర కింద దాచుకుంది. ఇంటికి ఎవరైనా ఆడవాళ్ళు వస్తే తీసి చూపించేది. చదువు రాదు కానీ తన పేరు ఎక్కడ రాసి ఉందో గుర్తుపట్టేది. ఆ పేరు మీద వేలు పెట్టి చూపించేటప్పుడు ఆమె ముఖంలో నవ్వు ఉండేది, అది నేను చూశాను.

ఆ ఇంట్లో లోపలి అర్రలోనే ఆయన పంట పెట్టాడు. గంజాయి.

హైదరాబాద్‌లో ఎవరో తెలిసినవాడు చిన్న గాజు గొట్టంలో పది గింజలు తెచ్చి ఇచ్చాడు. బావ పుట్టింది కాటారం అడవి అంచున. మిరప సాళ్ళ మధ్య దొంగతనంగా గంజాయి పెట్టేవాళ్ళను చిన్నప్పుడే చూశాడు. ఆ పాత మొక్క మనిషెత్తు పెరుగుతుంది, పొద్దు తగ్గి చలి మొదలైతే గానీ పూతకు రాదు, ఈలోగా ఊరందరి కంట్లో పడుతుంది. ఈ గింజలు అలాంటివి కావు. ఎక్కడో చలిదేశాల్లో రోడ్డు పక్కన, చెత్తకుప్పల మీద మొలిచే ఒక పిచ్చిజాతితో కలిపి తీసిన సంకరం. మోకాలెత్తు దాటదు. ఏదో ఒక వెలుగు తగిలితే చాలు, పగటి పొడుగుతో, కాలంతో దానికి పనిలేదు. మొలిచిన రోజు నుంచి తన రోజులు తనే లెక్కపెట్టుకుని, వేళ కాగానే పూసేస్తుంది. ఆ పిచ్చిజాతి పేరు రుడెరాలిస్ అట. మా బావకు నోరు తిరగక 'రుద్రాలు' అనేవాడు.

"గిది నా అసొంటిది బామ్మర్దీ" అన్నాడు నాతో. "ఎవ్వల కోసం ఆగది. ఎండ చూడది, వాన చూడది. మొలిచిందా, పెరిగిందా, పని చేసుకపోయిందా. గంతే."

ఆయన ముఖంలో ప్రేమ అనేది నేను చూసింది ఆ మొక్కల దగ్గరే. వేళ్ళ వెనకవైపుతో ఆకులను నిమిరేవాడు, రుమాలు తీయకుండా. అక్కకు మలేరియా వచ్చి వారం రోజులు మంచం మీద ఉంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూడని మనిషి.

ఆ అర్రలో అక్క కుట్టుమిషను ఉండేది, దేవుని గూడు ఉండేది. రెండూ వంటింట్లోకి పోయాయి. కిటికీని ఇటుకలతో మూయించాడు. లైట్లు బిగించింది నేను. ఇది దాచను. "మోటర్లు చుట్టేటోనివి, గీ నాలుగు లైట్లు పెట్టరాదా?" అన్నాడు, పెట్టాను. ఆయన ఎదుట నాకు నోరు పెగిలేది కాదు. బావ కదా, పెద్దవాడు కదా అని సర్దిచెప్పుకున్నాను.

మొక్కలు ఎదిగేకొద్దీ వాసన మొదలైంది. ఆ వాసన తెలియకుండా పొద్దున లేచింది మొదలు ఊదు, సాంబ్రాణి వేస్తూ ఉండమని అక్కకు చెప్పాడు. ఆమె వేసింది. ఇల్లంతా పొగ. పక్కింటి ఎల్లవ్వ ఆ పొగ చూసీ చూసీ ఒకరోజు గడపలోకి వచ్చింది.

"పొద్దుగాల నించి పొద్దుమీకేదాంక ఊదు పొగనేనాయె. బిడ్డా, ఏమన్న అమ్మవారు వచ్చిందా నీ మీదికి?"

లోపలి నుంచి బావ వచ్చి ఎంతో వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"మంగళారం మంగళారం వస్తది అవ్వా. బయట చెప్పొద్దని నేనే అన్న."

మా వైపు అమ్మవారు పూని ఊగేవాళ్ళను శివసత్తులంటారు. వాళ్ళంటే జనానికి భయం, భక్తి. శివసత్తు ఉన్న ఇంట్లో పొగ ఎందుకని ఎవరూ అడగరు, మూసిన అర్ర తలుపు ఎవరూ తెరవరు. బావకు ఇంతకంటే ఏం కావాలి! వచ్చే మంగళవారానికి నేర్చుకోమని అక్కకు హుకుం జారీచేశాడు. జుట్టు విరబోసుకోవాలి, ముఖానికి పసుపు, నుదుట ఇంత బొట్టు, ఊగాలి, అడిగినదానికి చెప్పాలి.

మూడో మంగళవారం నేను వెళ్ళాను. అక్క పీట మీద కూర్చుని ఊగుతోంది. ఎదురుగా పదిమంది ఆడవాళ్ళు. ఒకామె తప్పిపోయిన బర్రె గురించి అడిగింది, ఇంకొకామె కూతురి కాపురం గురించి. బావ అక్క వెనక తలుపుకు ఆనుకుని, పెదవులు కదపకుండా "గట్టిగ ఊగు" అంటున్నాడు. వాళ్ళంతా కాళ్ళు మొక్కి పోయాక, "పశువు లెక్క తల తిప్పుతవేందే? జర అమ్మవారు లెక్క ఊగరాదు?" అని ఎలా ఊగాలో తనే ఊగి చూపించాడు. భలే ఊగాడు. నేను వాళ్ళు కొట్టిన కొబ్బరికాయ ముక్క నములుతూ చూశాను.

వంటింట్లో అక్క నా చెయ్యి పట్టుకుంది. "తమ్మీ, ఆళ్ళు నిజంగనే మొక్కుతున్నర్రా. గా బర్రె పోయినామె ఏడ్చుకుంట నా కాళ్ళ మీద పడ్డది. నాకు పాపం తగుల్తదిరా. నువ్వన్న చెప్పు మీ బావకు."

"ఊకో అక్కా, కొన్ని దినాలే గదా" అన్నాను.

ఇక జరిగిన తప్పు చెప్పాలి. అక్క పుట్టిన దగ్గర్నుంచి పత్తిచేలల్లో పనిచేసిన మనిషి. పత్తి మొక్క ఏపుగా పెరుగుతుంటే తల తుంచుతారు. అలా తుంచితే పక్క కొమ్మలు వేసి, కాయ ఎక్కువ పడుతుంది. అది ఆమె వేళ్ళకు వచ్చిన విద్య, ఎవరూ చెప్పక్కర్లేదు. బావ రెండు రోజులు భూపాలపల్లి వెళ్ళినప్పుడు, నీళ్ళు పోయడానికి ఆ అర్రలోకి వెళ్ళి, మొక్కలు గుబురుగా వస్తే ఆయన సంతోషపడతాడని పదింటికీ తలలు తుంచేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు కూడా ఆయనను సంతోషపెట్టాలనే ఆమె పాట్లు! మామూలు మొక్కయితే కోలుకునేది. రోజులు లెక్కపెట్టుకునే మొక్కకు కోలుకునే తీరిక ఎక్కడిది? జానెడెత్తున ముడుచుకుని, ఆ ఎత్తులోనే నాలుగు పిచ్చిపూలు పూసి ఊరుకున్నాయి.

ఆ తర్వాత ఏం చేశాడో బావ స్వయంగా నాకు చెప్పాడు, దుకాణంలో, నవ్వుతూ.

"తిట్టలే, కొట్టలే. పీట మీద కూసోమన్న. చెట్టును ఎంతదాంక తుంచినవో నీ జడ మీద చూపియ్యి అన్న. పిచ్చిది, నిజంగనే వేలు పెట్టి చూపిచ్చింది. విత్తనాల సంచులు కోసే కత్తెర ఉంటది సూడు, దాంతోని మెడకాడికి కోసిన. 'ఇగ చిగుర్లు పెట్టు, చూస్త' అన్న."

ఈసారి నేను నవ్వలేదు. అలాగని నోరూ తెరవలేదు. ఇంటికి వెళ్తే అక్క కొంగు తల నిండా కప్పుకుని ఉంది. మల్లన్నకు తలనీలాలు మొక్కుకుని ఇచ్చానని వాడకట్టులో చెప్పుకుందట. నా దగ్గర కూడా అదే అనబోయింది. సగంలో ఆగి గోడ వైపు తిరిగింది.

ఆ రోజు నాకు రక్తం మరిగింది. నిజంగా మరిగింది. మహబూబాబాద్‌లో రైలు దిగగానే ఒక టీ కొట్టులో ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుని, వందకు కొట్టి పోలీసులకు చెప్పాను. ఘన్‌పూర్‌లో ఫలానా వాడకట్టు, ఫలానా ఇల్లు, లోపలి అర్రలో గంజాయి ఉంది అన్నాను. నువ్వెవరు అని అడిగితే పెట్టేశాను. మా బావ చేతులకు బేడీలు, తెల్లచొక్కా మీద మట్టి, ఇదంతా కళ్ళముందు కనిపించింది. అక్కడే నిలబడి ఒక ప్లేటు మిర్చి బజ్జీలు తిన్నాను.

ఇల్లు ఎవరి పేరు మీద ఉందో నాకు తెలుసు. ఆ క్షణంలో మాత్రం గుర్తులేదు. ఇంటికి మొగుడే యజమాని అని అందరిలాగే నేనూ అనుకున్నాను.

పోలీసులు వచ్చారు, అర్ర తెరిచారు. ఇల్లెవరిదని అడిగారు. అక్క తానే పెట్టె తెరిచి, పెళ్ళిచీర కింద నుంచి కాయితాలు తీసి చేతికిచ్చింది. దుకాణం నుంచి బావ పరుగెత్తుకొచ్చి, నెత్తిన చేతులు పెట్టుకుని కింద కూలబడ్డాడు.

"నాకేం ఎరుకలేదు సార్. పొద్దంత దుకాణంల ఉంట. దీని మీదికి అమ్మవారు వస్తదట. గా ఆకు పొగ లేకుంటే రాదన్నది సార్. అర్రలకు నన్ను గూడ రానియ్యది. గీళ్ళను అడుగుండ్రి."

గుమిగూడిన వాడకట్టు వాళ్ళను అడిగారు. వాళ్ళు చూసిందే చెప్పారు. అవును, ఆమెకు పూనకం వస్తది. అవును, పొద్దంతా పొగ. అవును, ఆ అర్ర ఎప్పుడూ మూసే ఉంటది. ఎల్లవ్వ తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది: "అబద్ధం చెప్పలే బిడ్డా, ఒక్క మాట అబద్ధం చెప్పలే." నిజమే, ఒక్కటి కూడా లేదు. అక్కను జీపు ఎక్కించారు. కొంగు జారి, ఆ కోసిన జుట్టు అందరూ చూశారట.

వకీలు నాతో చెప్పాడు. "పంట మొగుడు పెట్టిండని, చూసినోళ్ళు ఎవలన్న ఒక్కలు వచ్చి కోర్టుల చెప్పాలె. ఒక్కలు చెప్తె చాలు, కేసు నిలవది." లైట్లు బిగించినవాడు చెప్తే వాడికి ఏమవుతుందని అడిగాను, ఎవరో దోస్తు గురించి అడిగినట్టు. "ఆన్ని గూడ లోపలేస్తరేమో. చెప్పలేం" అన్నాడు. నాకు ఇద్దరు పిల్లలు, షాపు. ఆలోచిస్తానన్నాను. ఆలోచిస్తూ ఉండగానే నెలలు గడిచాయి. గంజాయి కేసులో బెయిలు అంత సులభంగా రాదు. పద్నాలుగు నెలలు అక్క జైల్లో ఉంది.

బావ ఒక్కసారి కూడా చూడటానికి వెళ్ళలేదు. పెళ్ళాం పరువు తీసిందని అందరికీ చెప్పుకుని, దుకాణం ఎత్తేసి కాటారం వెళ్ళిపోయాడు. ఆయనను నేను ఆఖరిసారి చూసింది కోర్టు ఆవరణలో, ఏదో వాంగ్మూలం కోసం వచ్చినప్పుడు. అదే తెల్లచొక్కా. నన్ను చింతచెట్టు కిందికి పిలిచాడు.

"బామ్మర్దీ, పోలీసోళ్ళకు ఫోన్ చేసిందెవలో ఎరుకనా?"

ఆయన నా కాలరు సరిచేశాడు.

"ఎవలైతేంది గని, మంచి పని చేసిండు. నేనే ఎట్ల వదిలించుకుందునా అని చూస్తున్న. గా లైట్లు పెట్టినోడు గూడ తప్పిచ్చుకున్నడు సూడు. ఇద్దరం మంచిగనే ఉన్నం."

అని రుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాటకు ఆయన చెంప పగలగొట్టాల్సింది. నేను "పోయొస్త బావా" అన్నాను. అలవాటు.

ఇప్పుడు అక్క మా ఇంట్లోనే ఉంటుంది. బెయిలు వచ్చింది కానీ కేసు నడుస్తూనే ఉంది. ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని గోంగూర తెంపుతోంది. బావ పోయాడని చెప్పాను. "ఎప్పుడట?" అంది. చెప్పాను. మళ్ళీ ఆకు తెంపింది. ఆ మనిషి ఇక లేడన్న ధైర్యంతో, ఇన్నాళ్ళూ గొంతులో ఉన్న మాట బయటికి తెచ్చాను.

"అక్కా, ఆ రోజు పోలీసులకు ఫోన్ చేసింది నేనే."

"ఎరుకే" అంది.

నాకు అర్థం కాలేదు.

"మొదటి దినమే స్టేషన్ల ఫోన్ రికార్డు పెట్టి నీ గొంతు వినిపిచ్చిండ్రు. గిదెవలో గుర్తుపడ్తవా అన్నరు. ఎరుకలేదు సార్ అన్న. లోపట మస్తు సంబురమైందిరా. నాకోసం మాట్లాడేటోడు ఒక్కడున్నడు అనుకున్న. ఇగ రేపొస్తడు, ఎల్లుండొస్తడు, వచ్చి ఉన్నది చెప్తడు అని చూసిన. నువ్వు ప్రతి నెల వస్తివి. బిస్కెట్లు తెస్తివి."

తల ఎత్తి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది.

"మీ బావ ఎసొంటోడో నాకు పెండ్లైన మూడో దినమే తెలిసింది. ఆయన వస్తడని ఒక్కనాడు సూడలే. ఇప్పుడు ఆయన గూడ పోయిండు, కేసుల ఉన్నది నేనొక్కదాన్నే. సోమారం వాయిదా ఉంది తమ్మీ. వచ్చి చెప్తవా? బావ చెప్తె నేనే లైట్లు పెట్టిన, పంట ఆయనదే అని. గంతే. ఇంకేం అడగ."

నా పెళ్ళాం లోపలి నుంచి నా వైపు చూస్తోంది. పిల్లలు స్కూలు బట్టలు విప్పుకుంటున్నారు.

"చూద్దాం అక్కా" అన్నాను. "సోమారం ఇద్దరు రైతులు మోటర్లు తెస్తమన్నరు."

"సరే" అంది అక్క.

సోమవారం పొద్దున్నే ఆమె ఒక్కతే వాయిదాకు వెళ్ళింది. నేను షాపు తెరిచాను.